క్లినికల్ పరిశోధనల్లో స్వచ్ఛంద భాగస్వామ్యం

కొత్త మందు, టీకా, వైద్య పరికరం లేదా చికిత్సా విధానం మనిషి శరీరంలో ఎలా పనిచేస్తుందో, ఎంతవరకు సురక్షితమో తేల్చే అధ్యయనాన్ని క్లినికల్ పరిశోధన అంటారు. అందులో విషయం పూర్తిగా తెలుసుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా, తన ఇష్టంతో చేరడం స్వచ్ఛంద భాగస్వామ్యం. చేరినవారిని వాడుకలో వాలంటీర్లు అంటారు. రోగులూ కావచ్చు, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులూ కావచ్చు. చేరేవారికి విషయం తెలిసి ఉండాలి, ఇష్టం ఉండాలి, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకునే వీలుండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా సంతకం ఎంత స్పష్టంగా ఉన్నా ఆ భాగస్వామ్యం స్వచ్ఛందం కాదు. ఈ రంగంలోని చట్టాలు, వివాదాలు, సంస్కరణలు అన్నీ ఈ మూడు షరతుల చుట్టూ తిరిగినవే.

పరిధి

క్లినికల్ పరిశోధన స్థూలంగా రెండు విధాలు. పరిశీలనాత్మక అధ్యయనంలో పరిశోధకులు కొత్తగా ఏ చికిత్సా ఇవ్వరు. పాల్గొన్నవారి ఆహారం, అలవాట్లు, రక్త పరీక్షలు, జబ్బుల వివరాలు ఏళ్ల తరబడి నమోదు చేస్తారు. ప్రయోగాత్మక అధ్యయనంలో మందు, టీకా లేదా శస్త్రచికిత్స ఇచ్చి ఫలితం చూస్తారు. క్లినికల్ ట్రయల్ అన్న మాట రెండో రకానికే వర్తిస్తుంది. ప్రమాదం, పరిహారం, చట్ట నియంత్రణ ప్రధానంగా దీనికి సంబంధించినవే కాబట్టి ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే చెబుతుంది. మరణానంతర శరీరదానం, రక్తదానం, అవయవదానం వేరే అంశాలు (చూ. అవయవదానం).

చరిత్ర: సమ్మతి అడగని కాలం

పోల్చి చూసే వైద్య ప్రయోగాల్లో తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1747 నాటిది. బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ 'సాలిస్‌బరీ' ఓడలో స్కర్వీ జబ్బుతో ఉన్న 12 మంది నావికులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో పదార్థం ఇచ్చాడు. నారింజ, నిమ్మ జాతి పండ్లు తిన్న ఇద్దరూ త్వరగా కోలుకున్నారు. ఆనాడు రోగి అనుమతి అడగాలన్న ఆలోచనే లేదు. రెండు వందల ఏళ్ల తర్వాత కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. ఆధునిక ర్యాండమ్ పద్ధతికి నమూనాగా చెప్పే స్ట్రెప్టోమైసిన్ క్షయ ప్రయోగంలో (బ్రిటన్, 1948లో ప్రచురితం) 107 మంది రోగులు ఉన్నారు. తాము ఒక ప్రయోగంలో భాగమన్న సంగతి వారికి చెప్పలేదు.

మధ్యలో ఒక మేలిమలుపు ఉంది. 1900లో క్యూబాలో పచ్చజ్వరం దోమల వల్ల వస్తుందా అని పరిశోధించిన అమెరికా సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్, దోమకాటుకు ఒప్పుకున్నవారితో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నాడు. స్పెయిన్ నుంచి వలస వచ్చినవారి కోసం దాన్ని స్పానిష్‌లోకి తర్జుమా చేయించాడు. పాల్గొన్నందుకు 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే మరో 100 డాలర్లు ఇస్తామని అందులో రాశాడు. ప్రమాదం గురించి ముందే చెప్పడం, పాల్గొనేవారి భాషలో రాయడం, డబ్బు విషయం దాచకపోవడం అన్నీ ఆ కాగితంలో ఉన్నాయి. ప్రాణాపాయం ఉన్న పనికి డబ్బు ఆశ చూపడం సరైనదేనా అన్న ప్రశ్న కూడా అక్కడే మొదలైంది.

భారతదేశంలో 1897 జనవరిలో ప్లేగు టీకాను వాల్డెమర్ హాఫ్కిన్ బొంబాయిలో మొదట తన ఒంటికే ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత బైకుల్లా జైల్లో ముందుకొచ్చిన ఖైదీలకు ఇచ్చాడు. అదే ఏడాది ఆగస్టులో సికింద్రాబాద్‌లోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పిన ప్రయోగం జరిగింది. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనను దోమలు కుట్టనిచ్చాడు. రక్తం తాగిన ఒక్కో దోమకు రాస్ ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపులో ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవి కనిపించింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. తెలుగు నేల మీద జరిగిన వైద్య పరిశోధనల్లో పాల్గొన్న మనిషి పేరుతో సహా చరిత్రకెక్కిన అరుదైన ఘట్టం ఇది. వాలంటీర్ల పేర్లు సాధారణంగా ఎక్కడా మిగలవు.

మరో తెలుగు సంబంధం భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకీమియా సోకిన పిల్లలకు ఇచ్చాడు. తీవ్రంగా జబ్బుపడ్డ 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించాడు. రక్త క్యాన్సర్‌కు మందుల చికిత్సలో అది తొలి మెట్లలో ఒకటి.

చరిత్ర: నియమావళులు

రెండో ప్రపంచయుద్ధంలో నాజీ వైద్యులు నిర్బంధ శిబిరాల్లోని ఖైదీల మీద చేసిన ఘోరాలపై విచారణ ముగిసిన 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది. అందులోని పది సూత్రాల్లో మొదటిది స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అన్నది. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసింది. దాన్ని అనేకసార్లు సవరించారు, తాజా సవరణ 2024లో జరిగింది.

నియమం రాసుకున్నంత మాత్రాన ఆచరణ మారలేదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం టస్కిగీలో 1932లో మొదలుపెట్టిన అధ్యయనం 1972 వరకు సాగింది. సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకు జబ్బు సంగతి సరిగా చెప్పకుండా, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వకుండా, జబ్బు ముదిరే తీరును గమనిస్తూ కూర్చున్నారు. పత్రికల్లో బయటపడ్డాక ఆపేశారు. దాని పర్యవసానంగా వచ్చిన బెల్మాంట్ నివేదిక (1979) మనిషి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలు చెప్పింది. న్యాయం అంటే పరిశోధన భారం పేదల మీద, ఫలితం ధనికులకు అన్నట్టు ఉండకూడదని. భారతదేశ అనుభవానికి బాగా దగ్గరగా ఉన్న సూత్రం ఇదే.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1980లో విధాన ప్రకటన, 2000లో మార్గదర్శకాలు తెచ్చింది. 2006లోనూ 2017లోనూ వాటిని సవరించింది. 2007 జులై 20న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ) ప్రారంభమైంది. 2009 జూన్ 15 నుంచి ట్రయళ్ల నమోదు తప్పనిసరి అయింది. ఇవన్నీ ఉండగానే కింది విభాగంలోని ఘటనలు జరిగాయి.

తెలుగు ప్రాంతంలో: ఖమ్మం, పిడుగురాళ్ల

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి దీన్ని చేపట్టాయి. 10 నుంచి 14 ఏళ్ల మధ్య బాలికలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటిదే జరిగింది. ఖమ్మంలో టీకా తీసుకున్నవారిలో చాలామంది గిరిజన బాలికలు. ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు, తల్లిదండ్రులు ఎక్కడో గూడేల్లో ఉండేవారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తల మీద ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు.

రెండు విషయాలు విడివిడిగా చూడాలి. మరణాలకు టీకా కారణమని చెప్పే ఆధారం ప్రభుత్వం వేసిన విచారణ సంఘానికి కనిపించలేదు. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ సిఫారసు చేస్తోంది. సమ్మతి తీసుకున్న తీరు మాత్రం ఏ పరీక్షకూ నిలవలేదు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పేర్కొన్న లెక్క ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. పిల్లను బడికి పంపిన తల్లిదండ్రులు సూది వేయించే హక్కును వార్డెన్‌కు రాసివ్వలేదు. వారికి కబురైనా చేయకుండా వేల పత్రాలు నిండిపోయాయంటే, ఆ కాగితం అక్కడ రక్షణగా కాక లాంఛనంగా మాత్రమే పనిచేసిందని అర్థం. టీకా మంచిదైనా ఈ తప్పు మాఫీ కాదు.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు పరిశోధనశాలకు తీసుకెళ్లి క్యాన్సర్ మందు పరీక్షలో వాడిన విషయం బయటపడింది. వారిని డబ్బు ఆశ చూపి దళారులు చేర్చారని, ఏ మందు మింగుతున్నారో వారికి తెలియదని పత్రికలు రాశాయి. కేంద్ర ఔషధ నియంత్రణాధికారులు తనిఖీ చేసి ఆ సంస్థ పరీక్షలను నిలిపివేయించారు. 2017లో కరీంనగర్ జిల్లా జమ్మికుంట ప్రాంత యువకుల విషయంలో ఇలాంటి ఆరోపణలే మళ్లీ వచ్చాయి. మూడు ఘటనల్లోనూ పాల్గొన్నవారు పేదలు. వారికి, పరిశోధకులకు మధ్య నిలిచినవాళ్లు వార్డెన్లో, దళారులో. వైద్యుడు స్వయంగా కూర్చుని వివరించిన సందర్భం కనిపించదు.

దేశవ్యాప్తంగా ఇలాంటి ఫిర్యాదుల మీద ఇందోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కోర్టు ఇచ్చిన ఆదేశాల నేపథ్యంలో నష్టపరిహారం, ఎథిక్స్ కమిటీల నమోదు, సమ్మతి ప్రక్రియను వీడియో తీయడం మీద వరుసగా నిబంధనలు వచ్చాయి. అవన్నీ సవరణలతో కలిసి 2019 మార్చిలో 'న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్'గా అమల్లోకి వచ్చాయి.

దశలు, రకాలు

మందు ముందు సాధారణంగా జంతువుల మీద పరీక్షలు దాటాలి. ఆ తర్వాత తొలి దశలో కొద్దిమందికి, సాధారణంగా 20 నుంచి 100 మందిలోపు, ఇచ్చి ఒళ్లు ఎంత మోతాదు తట్టుకుంటుందో చూస్తారు. రెండో దశలో కొన్ని వందల మంది రోగుల్లో పనితనం, మోతాదు తేలుస్తారు. మూడో దశలో వేలమందిలో ప్లాసిబోతోనో (మందులా కనిపించినా మందు లేనిది) ఇప్పటికే వాడుకలో ఉన్న మందుతోనో పోలుస్తారు. మార్కెట్లోకి వచ్చాక అరుదైన దుష్ఫలితాలను గమనించేది నాలుగో దశ. ఎవరు ఏ జట్టులో పడాలో లాటరీ పద్ధతిలో తేల్చడాన్ని ర్యాండమైజేషన్ అంటారు. ఎవరికి ఏది ఇచ్చారో వైద్యుడికీ పాల్గొన్నవారికీ తెలియకుండా ఉంచితే అది డబుల్ బ్లైండ్ పద్ధతి.

హైదరాబాద్‌లో కొవిడ్ నిరోధానికి కోవాగ్జిన్ టీకా ఈ దారిలోనే వచ్చింది. 2020 జులైలో మొదలైన తొలి దశలో 11 ఆసుపత్రుల్లో 375 మంది పాల్గొన్నారు. నిమ్స్ వాటిలో ఒకటి. మూడో దశకు 25 చోట్ల 25,798 మంది ముందుకొచ్చారు. భయం కమ్మిన ఆ నెలల్లో పరీక్ష దాటని టీకాకు చెయ్యి చాపిన ఈ మనుషులకు దేశం రుణపడి ఉంది.

తెలిసి తెలిసీ జబ్బును అంటించుకునే పరీక్షలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోనే తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో అలా పరీక్షించారు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు టీకా తీసుకున్నాక, టైఫాయిడ్ బాక్టీరియా కలిపిన సోడా ద్రావణం తాగారు. రోజూ రక్త పరీక్ష చేసి, జబ్బు తేలగానే, తేలకపోయినా 14 రోజులకు, యాంటీబయాటిక్ ఇచ్చారు. ఫలితాలు 2017లో ప్రచురితమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన ఆ టీకా ఇప్పుడు అనేక దేశాల పిల్లలకు అందుతోంది. సాధారణంగా నయం చేయగల లేదా దానంతటదే తగ్గే జబ్బులకే ఇలాంటి పరీక్షలు అనుమతిస్తారు.

మన దేశ రోగుల భాగస్వామ్యం ప్రపంచ వైద్యాన్నే మార్చిన సందర్భం మద్రాసు క్షయ అధ్యయనం. 1956లో మొదలై 1959లో వెలువడిన ఆ అధ్యయనంలో 193 మంది పేద రోగులను రెండు జట్లుగా చేసి, సగం మందిని శానటోరియంలో, సగం మందిని ఇంటి దగ్గరే ఉంచి మందులిచ్చారు. ఇంట్లో కోలుకున్నవారు ఏమీ తీసిపోలేదు. క్షయ రోగిని నెలల తరబడి ఆసుపత్రిలో పెట్టాలన్న పద్ధతి ఆ తర్వాత క్రమంగా అంతరించింది.

బయో ఈక్వివలెన్స్ పరీక్షలు

తెలుగు రాష్ట్రాల్లో 'వాలంటీరుగా వెళ్లడం' అంటే ఎక్కువమంది ఉద్దేశం ఇదే. పేటెంటు తీరిన మందును వేరే కంపెనీ జనరిక్‌గా తయారుచేసినప్పుడు, రక్తంలోకి అది అసలు మందు ఎక్కినంతే, అంతే వేగంగా ఎక్కుతోందని నిరూపించాలి. రెండింటి నిష్పత్తి గణాంకాల ప్రకారం 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉండాలి. హైదరాబాద్ జనరిక్ మందుల తయారీ కేంద్రం కాబట్టి ఈ పరీక్షశాలలూ ఇక్కడ ఎక్కువ (చూ. జనరిక్ మందులు).

పరీక్ష జరిగే తీరు ఇది. వైద్య పరీక్షలో నెగ్గిన వాలంటీరు ముందురోజు సాయంత్రమే కేంద్రంలో చేరతాడు. సంచిలో మాత్రలు, గుట్కా, సిగరెట్లు లేవని చూస్తారు. మద్యం, మత్తు పదార్థాల పరీక్ష చేస్తారు. రాత్రి భోజనం తర్వాత కనీసం పది గంటలు ఉపవాసం. పొద్దున ముంజేతి నరంలో కాన్యులా (సన్నని గొట్టం) అమర్చి, 240 మిల్లీలీటర్ల నీళ్లతో మాత్ర మింగిస్తారు. నిజంగా మింగాడో లేదోనని నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూస్తారు. మొదటి గంటల్లో నిమిషాల లెక్కన, ఆ తర్వాత గంటల లెక్కన రక్తం తీస్తారు. నాలుగు గంటల దాకా తిండి ఉండదు. అందరికీ ఒకే భోజనం, ఒకే సమయం. మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేందుకు కొన్ని రోజులు ఆగి, మళ్లీ పిలిచి రెండో మందుతో ఇదంతా తిరిగి చేస్తారు.

ఇందులో పాల్గొనేవారికి వైద్యపరమైన లాభం ఏమీ లేదు. అందువల్ల డబ్బు ఇస్తారు. చిక్కు కూడా అక్కడే. ఒక పరీక్షకు మరో పరీక్షకు మధ్య నెలల విరామం ఉండాలి. అవసరంలో ఉన్న యువకుడు ఒక కేంద్రంలో చెప్పకుండా ఇంకో కేంద్రానికి వెళ్తాడు. వేలిముద్రలతో పోల్చి చూసే ఏర్పాట్లు కొన్ని సంస్థల మధ్య ఉన్నా, దాచి చేరేవారిని పూర్తిగా ఆపలేకపోతున్నాయి. రెండు మందులు ఒంట్లో కలిసి వాలంటీరు ఆరోగ్యం దెబ్బతింటుంది. పరీక్ష ఫలితమూ తప్పు అవుతుంది.

సమ్మతి ప్రక్రియ

చేరేముందు సమాచార పత్రం ఇస్తారు. పరిశోధన ఉద్దేశం, ఎన్నాళ్లు, ఏయే పరీక్షలు, తెలిసిన దుష్ఫలితాలు, ప్లాసిబో పడే అవకాశం, వేరే చికిత్సలు ఏమున్నాయి, చెల్లింపు, గాయపడితే పరిహారం వివరాలు పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగువారికి ఇంగ్లీషు పత్రం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం చెల్లదు. పత్రంలో చదువు, వృత్తి, వార్షిక ఆదాయంతో పాటు నామినీ పేరు, చిరునామా కూడా అడుగుతారు. మరణం సంభవిస్తే పరిహారం అందుకునేది ఆ నామినీ కాబట్టి ఆ గడి ఖాళీగా వదలకూడదు. సంతకాలయ్యాక ఒక ప్రతి వాలంటీరుకు ఇవ్వడం తప్పనిసరి.

చదువురానివారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి సంతకం చేయాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 12 ఏళ్ల వరకు మాటగా, ఆపై రాతపూర్వకంగా. పూర్తిగా కొత్త రసాయన మందుల ట్రయళ్లలో తమ ప్రయోజనాలను కాపాడుకోలేని బలహీన స్థితిలో ఉన్నవారు పాల్గొంటే సమ్మతి ప్రక్రియ మొత్తాన్ని ఆడియో, వీడియో రికార్డు చేయాలి. హెచ్‌ఐవీ, కుష్ఠు రోగుల గోప్యత కోసం వారికి ఆడియో మాత్రమే చాలు.

రోగుల్లో చాలామంది ట్రయల్‌ను చికిత్సగానే భావిస్తారు. "డాక్టరు గారు మంచి మందే ఇస్తారు కదా" అనుకుని సంతకం పెడతారు. లాటరీలో ఏ జట్టు పడుతుందో డాక్టరుకే తెలియదని, కొత్త మందు పాతదానికంటే మంచిదో కాదో తేలనందువల్లే పరిశోధన జరుగుతోందని వారికి విడమరచి చెప్పాలి. సమ్మతి ప్రక్రియలో అన్నిటికంటే కష్టమైన, అన్నిటికంటే తరచుగా వదిలేసే భాగం ఇదే.

ఎథిక్స్ కమిటీ

ఏ ట్రయల్ అయినా మొదలయ్యేముందు నమోదైన ఎథిక్స్ కమిటీ ఆమోదించాలి. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. కనీసం సగం మంది ఆ సంస్థకు చెందనివారై ఉండాలి, అధ్యక్షుడు కూడా బయటివారే. న్యాయం తెలిసినవారు, వైద్యేతర సామాన్యులు, మహిళ తప్పక ఉండాలి. వాలంటీరుకు ఇచ్చే డబ్బు మొత్తాన్ని కూడా ఈ కమిటీయే పరిశీలిస్తుంది. అది కాలానికి, ప్రయాణానికి, అసౌకర్యానికి ప్రతిఫలంగా ఉండాలి కానీ ప్రమాదాన్ని పట్టించుకోకుండా చేసే ఎర కాకూడదన్నది సూత్రం.

గాయం, మరణం, పరిహారం

తొలి దశ పరీక్షల్లో ప్రమాదం అరుదు, కానీ అసాధ్యం కాదు. 2006 మార్చి 13న లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్ 1412 అనే మందు ఇచ్చిన ఆరుగురు యువకుల అవయవాలు కొన్ని గంటల్లోనే దెబ్బతినడం మొదలైంది. వారికి పది నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి మందు ఎక్కించారు. మొదటివాడికి ఏమవుతుందో చూసేలోపే చివరివాడికీ ఎక్కిపోయింది. ఆరుగురూ బతికారు. మొదట ఒకరికి ఇచ్చి, ఆగి, గమనించి తర్వాతివారికి ఇవ్వాలన్న జాగ్రత్త దీని తర్వాతే గట్టిపడింది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో మరో తొలి దశ పరీక్షలో ఒక వాలంటీరు మరణించాడు.

భారత నిబంధనల ప్రకారం ట్రయల్‌లో తీవ్ర దుష్ఫలితం కనిపిస్తే పరిశోధకుడు 24 గంటల్లో కేంద్ర నియంత్రణ సంస్థకు, స్పాన్సరుకు (ట్రయల్ చేయిస్తున్న సంస్థకు), ఎథిక్స్ కమిటీకి తెలపాలి. గాయం ట్రయల్ వల్ల కాదని తేలేవరకు లేదా వైద్యుడు అవసరమన్నంతకాలం, ఏది ముందైతే అంతవరకు, చికిత్స ఉచితం. మరణం ట్రయల్ వల్లనే అని తేలితే పరిహారానికి ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని వయసు గుణకంతోను, అప్పటికే ఉన్న జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 వరకు ఉండే గుణకంతోను హెచ్చించి, 99.37తో భాగిస్తారు. 65 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతుడి కుటుంబానికి 32 లక్షలు, అదే వయసులో చివరి దశ జబ్బున్న రోగి కుటుంబానికి 4 లక్షలు వస్తుంది. 16 ఏళ్లలోపు ఆరోగ్యవంతులైతే సుమారు 73 లక్షల 60 వేలు. నెలలోపు మరణించే అవకాశం 90 శాతం లేదా అంతకు మించి ఉన్న రోగి చేరితే 2 లక్షలు స్థిరంగా ఇస్తారు. ఆదేశం వచ్చిన 30 రోజుల్లో స్పాన్సరు చెల్లించాలి. మందు దుష్ఫలితమే కాక, పరిశోధకుడి నిర్లక్ష్యం, నియమోల్లంఘన, అందుబాటులో ఉన్న చికిత్స ఇవ్వకుండా ప్లాసిబో ఇవ్వడం, గర్భస్థ శిశువుకు హాని కూడా పరిహారం కిందికి వస్తాయి.

ప్రాధాన్యం, విమర్శ

నేడు మందుల షాపులో దొరికే ప్రతి ఆధునిక మందు వెనుక ఎవరో ఒకరు ముందుగా మింగిన మాత్ర ఉంది. ఒక ప్రాంతంవారు, ఒక వర్గంవారు, స్త్రీలు, వృద్ధులు ట్రయళ్లలో లేకపోతే ఆ మందు వారి ఒంట్లో ఎలా పనిచేస్తుందో తెలియదు. అందుకే భారతీయులు పాల్గొనడం అవసరమని పరిశోధకులు అంటారు. భారం పేదలది, లాభం కంపెనీలది అవుతోందని ఉద్యమకారులు అంటారు. రెండూ నిజమే. పరిశోధన వద్దనడం వల్ల పేదలకు మేలు జరగదు, వారికి వచ్చే జబ్బులకు మందులు రావడం ఆగిపోతుంది. చదువుకున్నవారు, ఉద్యోగులు కూడా ముందుకొచ్చినప్పుడే భారం పంచుకున్నట్టవుతుంది.

చేరదలచినవారు చూసుకోవలసినవి

ప్రతి ట్రయల్‌కు సీటీఆర్‌ఐతో మొదలై సంవత్సరం, నెల, వరుస సంఖ్యతో ముగిసే నమోదు సంఖ్య ఉంటుంది. దానితో రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వివరాలు చూడవచ్చు. సమాచార పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోవాళ్లతో, తెలిసిన డాక్టరుతో చదివించుకునే హక్కు ఉంది. అప్పటికప్పుడు సంతకం పెట్టమని తొందరపెడితే వద్దనవచ్చు. మధ్యలో మానుకుంటే మామూలు చికిత్సకు ఏ లోటూ రాకూడదు. ఏం జరిగినా అడగడానికి పరిశోధకుడి ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీ వివరాలు పత్రంలోనే ఉండాలి. వాడుతున్న మందులు, పాత జబ్బులు, ఇంతకుముందు పాల్గొన్న పరీక్షలు దాచకుండా చెప్పాలి. దళారి మాట మీద కాక, పరిశోధకుడు ఎదురుగా కూర్చుని చెప్పిన మాట మీద నిర్ణయం తీసుకోవాలి. సంతకం చేసిన ప్రతి చేతికి వచ్చాకే మొదటి మోతాదు తీసుకోవాలి.